సగం దూరంలో నిర్ణయం: ఇసుకతీరాల నుండి ఎగిరే చిన్న విమానాలు

తోంగ్‌పాల్‌కు సముద్రం చాలా దూరం. జగదల్‌పూర్ నుండి దర్భా లోయ దాటి, సుక్మా, కొంట, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు సాగే జాతీయ రహదారిపై, అడవుల నడుమ ఉన్న చిన్న ఊరు అది. దారిన పోయే లారీలలో తెలుగు లారీలు ఎన్నో. అటువంటి ఊరి పేరు చెప్పి, సముద్రపుటొడ్డున ఎగిరే విమానాల ప్రస్తావన తేవటం ఎందుకని పాఠకులకు సందేహం కలగవచ్చు.

అయితే తోంగ్‌పాల్ పరిసరాల వారికి ఇసుక బాగా తెలుసు. దేశంలో తగరం లభించే ప్రాంతాలలో ముఖ్యమైనది ఇదే. వాగుల ఇసుకను నీటిలో కడిగి, తేలికపాటి రేణువులను జారవిడిచి, అడుగున మిగిలే బరువైన నల్లని తగరపు ఖనిజాన్ని ఏరటం ఇక్కడి ఆదివాసీ కుటుంబాలకు అలవాటైన పని. ఏ ఇసుక కాలిని మోస్తుందో, ఏ ఇసుక కాలిని దిగలాగుతుందో వారికి వేరే చెప్పనక్కరలేదు. వాగు దాటబోయి బండి చక్రం కూరుకుపోయిన అనుభవం ఈ ప్రాంతపు డ్రైవర్లందరికీ ఉంటుంది. అటువంటి ఇసుక మీదనే పరుగెత్తి, గాలిలోకి లేవవలసిన విమానం పరిస్థితి ఏమిటి? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఆ ప్రశ్ననే. విమానయానం గురించి మొదలుపెట్టినా, చివరకు ఇది మనందరి పనికీ, మన ఇళ్లకూ సంబంధించిన విషయమేనని పాఠకులు గ్రహిస్తారు.

మొట్టమొదటి ప్రయత్నం, మొట్టమొదటి ప్రమాదం

విమానం పుట్టినదే ఇసుకలో. అమెరికా తూర్పు తీరాన, ఉత్తర కరోలినా రాష్ట్రంలో కిట్టీ హాక్ అనే మారుమూల పల్లె దగ్గరి ఇసుక దిబ్బలను రైట్ సోదరులు ఎన్నుకోవటానికి కారణాలు స్పష్టమైనవే. అక్కడ గాలి నిలకడగా వీస్తుంది. పడినా దెబ్బ తగలకుండా మెత్తని ఇసుక ఉన్నది. చూసి నవ్వేవారు తక్కువ.

1903 డిసెంబరు 17న ఆర్విల్ రైట్ 12 సెకండ్ల పాటు 120 అడుగులు ఎగిరిన సంగతి మన పిల్లలు పాఠ్యపుస్తకాలలో చదువుకున్నదే. అంతకు మూడు రోజుల ముందు జరిగినది మాత్రం అంతగా ప్రచారంలో లేదు. డిసెంబరు 14న నాణెం ఎగరవేసి ఎవరు ముందో తేల్చుకున్నారు. అవకాశం అన్నగారైన విల్బర్‌కు దక్కినది. దిబ్బ వాలున పట్టాల మీద జారిన విమానం గాలిలోకి లేచినది కాని, విల్బర్ దాని ముక్కును అవసరానికి మించి పైకెత్తాడు. విమానం వేగం కోల్పోయి, మూడున్నర సెకండ్లలో ఇసుకపై పడినది. మనిషికి దెబ్బ తగలలేదు. ముందు భాగం విరిగి, బాగుచేయటానికి రెండు రోజులు పట్టింది. అంటే ఇంజనుతో ఎగిరే విమానపు చరిత్రలో మొట్టమొదటి విజయానికి ముందే టేకాఫ్ ప్రమాదం జరిగిపోయినది. అది కూడా ఒక మారుమూల సముద్రతీరపు ఇసుకలోనే.

గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆ సోదరులు తమ యంత్రానికి చక్రాలు అమర్చలేదు. ఇసుక చక్రాన్ని పట్టివేస్తుందని వారికి తెలుసు. అందుకే 60 అడుగుల చెక్క పట్టా వేసుకొని, దానిమీదనే యంత్రాన్ని పరుగెత్తించారు. ఇసుకను నమ్మకపోవటం వారి మొదటి జాగ్రత్త.

మహాసముద్రాలు దాటిన రోజులు

1920, 1930 దశకాలలో సాహసికులైన వైమానికులు మహాసముద్రాలను దాటటానికి పూనుకున్నారు. అంత దూరం పోవటానికి ట్యాంకుల నిండా పెట్రోలు నింపాలి. అంత బరువుతో గాలిలోకి లేవాలంటే చాలా దూరం పరుగెత్తాలి. అంత పొడవైన రన్‌వేలు ఆ రోజులలో అరుదు. ఆటు సమయంలో సముద్రం వెనక్కు తగ్గినప్పుడు, మైళ్ల పొడవున బయటపడే తడి ఇసుక తీరమే వారికి రన్‌వే అయినది. ఐర్లండులోని పోర్ట్‌మార్నక్ తీరం నుండి 1930 జూన్ 24న కింగ్స్‌ఫర్డ్ స్మిత్ బృందం, 1932 ఆగస్టు 18న జిమ్ మోలిసన్ ఒంటరిగా అట్లాంటిక్ మీదుగా పడమరకు బయలుదేరారు. మోలిసన్ నడిపినది పుస్ మాత్ అనే చిన్న విమానం. దాదాపు రెండు నెలల తరువాత, 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి టపా తెచ్చినది కూడా అదే రకం విమానంలో. ఆయన దిగిన జుహూ మైదానం సముద్రం పక్కన ఉన్న బురద నేల. వర్షాకాలంలో అది నీట మునిగేది గనుక ఆ నెలలలో విమానాలను పూనాకు మార్చుకోవలసి వచ్చేది. మన దేశపు పౌర విమానయానం కూడా ఆ విధంగా తీరపు నేల మీదనే అడుగులు నేర్చినది.

విజయాల పక్కనే వైఫల్యాలు కూడా ఉన్నవి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓల్డ్ ఆర్చర్డ్ బీచ్ అనే తీరం ఉన్నది. 1929 జూన్ 13న అక్కడ రెండు విమానాలు ఐరోపాకు బయలుదేరటానికి సిద్ధమైనవి. ఒకటి అమెరికన్లది, పేరు గ్రీన్ ఫ్లాష్. రెండవది ఫ్రెంచివారిది, పసుపు రంగు వేసిన కారణంగా దానిని పసుపు పిట్ట అని పిలిచేవారు. గ్రీన్ ఫ్లాష్ నిండు పెట్రోలుతో ఇసుకపై పరుగెత్తుతూ, మెత్తని చోట చిక్కుకొని దెబ్బతిన్నది. అందులోని ఇద్దరు వైమానికులు, రోజర్ విలియమ్స్, లూయిస్ యాన్సీ, ప్రాణాలతో బయటపడ్డారు.

పసుపు పిట్ట కథ మరీ విచిత్రమైనది. ముగ్గురు ఫ్రెంచివారు గ్రాము గ్రాము లెక్కపెట్టి బరువు తగ్గించుకొని బయలుదేరారు. అయితే ఆర్థర్ ష్రైబర్ అనే అమెరికన్ యువకుడు ఎవరికీ తెలియకుండా విమానం తోక భాగంలో దాగి ఉన్నాడు. ఆ లెక్కలేని బరువుతో విమానం అతి కష్టం మీద ఇసుకను వదిలి పైకి లేచినది. గాలిలోకి లేచిన తరువాత గాని వారికి నాలుగో మనిషి సంగతి తెలియలేదు. పారిస్ చేరవలసిన ఆ విమానం ఇంధనం చాలక స్పెయిన్‌లోని కొమియాస్ సమీపాన మరొక సముద్రతీరంలోనే దిగవలసి వచ్చినది. ఆ రోజు అదృష్టం వారి వైపు ఉన్నది. కాని ఒకే ఒక మనిషి బరువు, అదీ ఎవరూ లెక్కలోకి తీసుకోని బరువు, ఎంతపని చేయగలదో ఈ ఉదంతం చూపుతున్నది.

గ్రీన్ ఫ్లాష్ వైమానికులు నిరుత్సాహపడలేదు. నెల తిరగకుండానే, జూలై 8న, పాత్‌ఫైండర్ అనే మరో విమానంలో అదే తీరం నుండి బయలుదేరి, దారిలో స్పెయిన్‌లో ఒకసారి ఆగి, రోము నగరం చేరుకున్నారు. తీరం అదే, మనుషులు వారే. చెడిపోయిన మొదటి పరుగు నుండి ప్రాణాలతో బయటపడటం వల్లనే రెండవ పరుగు సాధ్యమైనది.

పోర్ట్‌మార్నక్ తీరంలో 1933లో ఆస్ట్రేలియా వైమానికుడు చార్లెస్ ఉల్మ్‌కు ఎదురైన సంఘటన మరొక రకం. అట్లాంటిక్ ప్రయాణానికి పెట్రోలు నింపుతూ ఉండగానే, ఆ బరువుకు విమానం చక్రాల కాళ్లు ఇసుకలో విరిగి కూలబడినది. విమానాన్ని పక్కకు లాగేలోపు పోటు వచ్చి సముద్రపు నీరు దానిని ముంచెత్తినది. పరుగు మొదలుపెట్టకుండానే ప్రయాణం ముగిసినది. బరువు, ఇసుక, పోటు, ఈ మూడూ కలిసినప్పుడు ఏమవుతుందో చెప్పటానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఇసుక చేసే మోసం

కన్నుకు ఒకేలా కనిపించే తీరంలో మూడు నాలుగు రకాల నేల ఉంటుంది. పోటు చేరని పై భాగంలో పొడి ఇసుక వదులుగా ఉండి, చక్రాన్ని దిగలాగుతుంది. నీటి అంచున బాగా నానిన ఇసుక కూడా పనికిరాదు. ఈ రెంటికీ మధ్య, నీరు ఇప్పుడే దిగిపోయిన మేర, రేణువుల నడుమ కొద్దిపాటి తేమ మిగిలి, వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. గట్టిగా ఉండేది ఆ పట్టీ మాత్రమే. పిల్లలు ఇసుక గూళ్లు కట్టటానికి పొడి ఇసుకను కాక తేమ ఇసుకను ఎన్నుకునేది ఇందుకే. విమానం పరుగెత్తవలసినది కూడా ఆ పట్టీ మీదనే. ఆ పట్టీ వెడల్పు గంట గంటకూ మారుతుంది. ఉదయం దిగినప్పుడు ఉన్న రన్‌వే మధ్యాహ్నం బయలుదేరే వేళకు అక్కడ ఉండకపోవచ్చు.

దిగటం కంటే బయలుదేరటం ఎందుకు కష్టమో ఇక్కడే అర్థమవుతుంది. విమానం దిగేటప్పుడు మెత్తని ఇసుక వేగాన్ని తగ్గించి కొంత మేలు చేస్తుంది. ఎగిరేటప్పుడు అదే ఇసుక అదే పని చేసి కీడు చేస్తుంది. కనుక దిగగలిగిన చోటు నుండి తప్పక ఎగరగలమని అనుకోవటం పొరపాటు. మారుమూల తీరంలో దిగి, తిరిగి లేవలేక చిక్కుకొనటానికి మూలకారణం తరచుగా ఈ భ్రమే.

గాలి కూడా చిక్కు తెస్తుంది. విమానం గాలికి ఎదురుగా పరుగెత్తితే త్వరగా లేస్తుంది. కాని పగటివేళ సముద్రపు గాలి నీటి మీదనుండి నేల వైపు, అంటే తీరానికి అడ్డంగా వీస్తుంది. విమానం మాత్రం తీరం పొడవునా పరుగెత్తక తప్పదు. ఆ విధంగా ఎదురుగాలి సాయం పోయి, అడ్డగాలి బెడద మిగులుతుంది. తీరం సముద్రం వైపు వాలి ఉండటం వలన విమానం ఒక పక్కకు జారుతూ ఉంటుంది. దీనికి తోడు నేల మీద నుండి సముద్రంలోకి పారే చిన్న చిన్న పాయలు ఇసుకను కోసి గట్లు చేస్తాయి. దూరం నుండి అవి కనిపించవు. కొట్టుకువచ్చిన దుంగలు, వలలు ఆరబెట్టుకునే మనుషులు, పక్షుల గుంపులు, చివరకు తీరంలో తిరిగే పశువులు కూడా అడ్డు రావచ్చు. ప్రొపెల్లర్ లేపిన ఇసుక దాని అంచులనే చెక్కివేస్తుంది. ఉప్పు గాలి లోహాన్ని తినివేస్తుంది.

ఈ కారణాల వలననే అలాస్కాలో నది ఒడ్డులపై, సముద్రపు తీరాలపై దిగే చిన్న విమానాలకు తక్కువ గాలితో నింపిన పెద్ద పెద్ద టైర్లు అమర్చుతారు. ఒంటె పాదం ఎడారిలో దిగబడకపోవటానికి ఏ సూత్రమో, ఈ టైర్లకూ అదే సూత్రం. బరువు ఎక్కువ చోటుపై పరచుకున్నప్పుడు ఇసుక దానిని మోస్తుంది.

లెక్క కూడిక కాదు, గుణకారం

చిన్న విమానాలు నడిపేవారికి బ్రిటన్ పౌర విమానయాన సంస్థ ఎంతో కాలంగా ఇస్తూ వచ్చిన కొన్ని సులభ సూత్రాలు మన పాఠకులకు కూడా ఆసక్తి కలిగిస్తాయి. విమానం నేల వదిలి 50 అడుగుల ఎత్తుకు చేరటానికి పట్టే మొత్తం దూరాన్ని టేకాఫ్ దూరం అంటారు. బరువు 10 శాతం పెరిగితే ఈ దూరం 20 శాతం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే 10 శాతం పెరుగుతుంది. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే మరో 10 శాతం. నేల మెత్తగా ఉంటే 25 శాతం, లేదా అంతకు మించి. విమానం నేల వదలవలసిన వేగంలో పదోవంతు గాలి వెనుక నుండి వీస్తే 20 శాతం.

తయారీదారు పుస్తకం ప్రకారం 400 మీటర్లు చాలునన్న ఒక విమానాన్ని తీసుకుందాము. బరువు 10 శాతం ఎక్కువైనది, 480 మీటర్లు కావాలి. ఎండ 20 డిగ్రీలు ఎక్కువగా ఉన్నది, 581 మీటర్లు. ఇసుక మెత్తగా ఉన్నది, 726 మీటర్లు. కొద్దిపాటి వెనుక గాలి ఉన్నది, 871 మీటర్లు. దీనికి నిపుణులు సిఫారసు చేసే మూడోవంతు భద్రతా పరిమితి చేర్చితే 1,159 మీటర్లు అవుతుంది. నాలుగు వందలు దాదాపు మూడింతలైనది.

ఇక్కడ ఉన్న కీలకం ఏమిటంటే, ఈ అంశాలు ఒకదానికొకటి కూడబడవు, గుణించబడతాయి. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ భయపెట్టేది కాదు. ఒక సంచి ఎక్కువ, కాస్త ఎండ ఎక్కువ, కాస్త గాలి తేడా, కాస్త నేల మెత్తన. నలుగురు మనుషులు నాలుగు చోట్ల, ఈమాత్రానికి ఏమవుతుందిలే అనుకుంటారు. నలుగురి ఉపేక్షా కలిసే చోటు మాత్రం రన్‌వే చివరి అంచు.

మన బస్తరు ప్రాంతానికే ఈ లెక్కను అన్వయించి చూద్దాము. జగదల్‌పూర్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,800 అడుగుల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీల చిల్లర. వేసవిలో 40 డిగ్రీల ఎండ కాసిన రోజున గాలి పలుచబడి, విమానం 5,000 అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్నట్లుగా ప్రవర్తిస్తుంది. ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, రెక్కకు ఆధారం తగ్గుతుంది. తోంగ్‌పాల్, సుక్మా వంటి చోట్ల నుండి క్షతగాత్రులను తరలించే హెలికాప్టర్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వేసవి మధ్యాహ్నం అవి మోయగల బరువు శీతాకాలపు ఉదయం మోయగల బరువు కంటే తక్కువ.

సగం దూరం నియమం

మారుమూల తీరాల వైమానికులు పాటించే ఒక నియమం మాకు ఎంతో విలువైనదిగా తోచినది. బయలుదేరే ముందు తీరం వెంట కాలినడకన నడిచి, అందుబాటులో ఉన్న దూరంలో సగం దగ్గర ఒక గుర్తు పెట్టుకుంటారు. ఒక కర్ర, ఒక గుడ్డ, ఒక రాయి ఏదైనా సరే. పరుగు మొదలుపెట్టిన తరువాత ఆ గుర్తు దగ్గరకు వచ్చేసరికి, నేల వదలటానికి కావలసిన వేగంలో కనీసం 70 శాతం రావాలి. రాకపోతే ఆలోచించకుండా ఇంజను తగ్గించి ఆగిపోవాలి.

ఈ 70 శాతం ఎక్కడి నుండి వచ్చినదో ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా తేల్చగలడు. సమాన త్వరణంతో పరుగెత్తే వస్తువు వేగపు వర్గం అది పోయిన దూరానికి అనుపాతంలో ఉంటుంది. సున్న పాయింటు ఏడు వర్గం సున్న పాయింటు నాలుగు తొమ్మిది, అంటే దాదాపు సగం. సగం దూరంలో 70 శాతం వేగం వస్తేనే మిగిలిన సగంలో మిగిలిన 30 శాతం వస్తుంది. అంతకు తగ్గితే చివరి అంచుకు చేరేసరికి విమానం ఇంకా నేల మీదనే ఉంటుంది.

నియమం ఇంత సులభమైనప్పుడు ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నవి? దీనికి సమాధానం యంత్రంలో లేదు, మనిషి మనస్సులో ఉన్నది. పరుగు మొదలైన తరువాత ఆగటం ఓటమిగా తోస్తుంది. వెనుక కూర్చున్నవారు ఏమనుకుంటారో అన్న బిడియం, పోటు వచ్చేలోగా వెళ్లిపోవాలన్న తొందర, నిన్న ఇదే చోట నుండి లేచాము కదా అన్న ధీమా, ఇంకొక్క క్షణంలో లేస్తుందన్న ఆశ. ఆ ఆశతోనే సగం గుర్తు దాటిపోతుంది. అటు తరువాత ఆగటానికి చోటు ఉండదు, ఎగరటానికి వేగం ఉండదు. ముందుగానే నిర్ణయం చేసుకొని గుర్తు పాతిపెట్టటంలో ఉన్న మర్మం ఇదే. ఉద్వేగం లేని వేళ తీసుకున్న నిర్ణయాన్ని ఉద్వేగపు వేళ కేవలం అమలు చేయవలసి ఉంటుంది.

నేల వదిలిన తరువాత

కొన్ని ప్రమాదాలు నేల వదిలిన మరుక్షణంలో జరుగుతాయి. నేలకు అతి దగ్గరగా ఉన్నప్పుడు రెక్క కింద గాలి ప్రవాహం మారి విమానానికి కొంత అదనపు ఆసరా దొరుకుతుంది. దాని వలన తగిన వేగం రాకుండానే చక్రాలు ఇసుకను వదులుతాయి. లేచినది కదా అని వైమానికుడు ముక్కును పైకెత్తితే, ఆ ఆసరా దాటగానే విమానం నిలదొక్కుకోలేక పడిపోతుంది. 1903లో విల్బర్ విమానం ముక్కు ఎక్కువగా ఎత్తి వేగం కోల్పోయినది. నేటికీ అదే తప్పు ప్రాణాలు తీస్తున్నది. సరైన పద్ధతి వేరు. ఇసుకను వదిలిన తరువాత కొంతసేపు నేలకు కొద్ది అడుగుల ఎత్తునే సమాంతరంగా పోతూ వేగం పెంచుకొని, ఆ తరువాతనే పైకి పోవాలి.

రెండవది ఇంజను ఆగిపోవటం. తక్కువ ఎత్తులో ఇంజను ఆగినప్పుడు బయలుదేరిన చోటికే తిరిగి పోదామన్న కోరిక సహజం. కాని ఆ మలుపులో వేగం పోయి విమానం అదుపు తప్పుతుంది. వెనక్కు తిరగకుండా, ముందున్న తీరం మీదనో, తప్పనిసరైతే తీరానికి దగ్గరగా నీటి మీదనో దిగటమే మేలని శిక్షణలో నేర్పుతారు. స్థిరమైన చక్రాలు గల విమానం నీటిని తాకగానే తలకిందులయ్యే ప్రమాదం ఉన్నది. అందుచేత లైఫ్ జాకెట్టును సీటు కింద పెట్టుకోవటం కాక, బయలుదేరే ముందే ధరించాలి. దానిని విమానం లోపల ఉండగా ఊదరాదు. ఊదితే బయటకు వచ్చే దారిలో చిక్కుకుపోతారు.

సెలవులకు మాల్దీవులు వంటి చోట్లకు వెళ్లి చిన్న విమానాలు ఎక్కే మన కుటుంబాల వారు దీనిని జ్ఞాపకం ఉంచుకోవాలి. అక్కడ సామానును, కొన్నిసార్లు మనిషిని కూడా తూచటం అవమానం కాదు. తక్కిన ప్రయాణికుల ప్రాణాల లెక్క అది. చేతిసంచిలో దాచిన నాలుగు కిలోలు కూడా ఒక విధంగా పసుపు పిట్ట తోకలో దాగిన కుర్రవాని వంటివే.

బార్రా: క్రమశిక్షణ నేర్పే తీరం

ఇసుకతీరం నుండి ఎగరటం ఎల్లప్పుడూ సాహసమేనని పాఠకులు భావించకూడదు. స్కాట్లండు పశ్చిమాన బార్రా అనే ద్వీపం ఉన్నది. అక్కడ 1936 నుండి సముద్రతీరమే విమానాశ్రయం. గ్లాస్గో నుండి వచ్చే ట్విన్ ఆటర్ విమానాలు అక్కడ ఇసుక మీదనే దిగి, ఇసుక మీద నుండే బయలుదేరుతాయి. త్రిభుజాకారంలో మూడు రన్‌వేలు ఉంటాయి. వాటి చివరలను చెక్క స్తంభాలు సూచిస్తాయి. పోటు వచ్చినప్పుడు మూడూ సముద్రగర్భంలోకి పోతాయి. కనుక అక్కడి విమానాల వేళలు గడియారాన్ని బట్టి కాక ఆటుపోట్లను బట్టి ఏర్పడతాయి. మూడు రన్‌వేలు ఉండటం వలన గాలి ఏ దిక్కు నుండి వీచినా దానికి ఎదురుగా పరుగెత్తే వీలు ఉన్నది. గాలిసంచి ఎగురుతున్నంతసేపు ప్రజలు తీరంలోకి దిగరాదు. తక్కిన సమయంలో ఊరివారు ఆ రన్‌వే మీదనే గుల్లలు ఏరుకుంటారు.

ఆస్ట్రేలియాలో పూర్వం ఫ్రేజర్ ద్వీపంగా పిలువబడి 2023లో తన ఆదివాసీ నామాన్ని అధికారికంగా తిరిగి పొందిన గరి ద్వీపంలో, తూర్పు తీరపు ఇసుక ఏకకాలంలో రహదారి, రన్‌వే కూడా. అక్కడ విమానం వస్తే వాహనాలు పక్కకు తప్పుకోవాలన్నది నియమం.

ఓల్డ్ ఆర్చర్డ్ ఇసుకకూ బార్రా ఇసుకకూ గుణంలో పెద్ద భేదం లేదు. భేదమంతా మనుషుల పద్ధతిలో ఉన్నది. ఒకచోట సముద్రంతో పందెం కట్టారు. మరొకచోట సముద్రం చెప్పినట్లు విన్నారు.

మన తెలుగు నేలపై

ఆంధ్ర తీరం వెంట ఇసుక రన్‌వేలు లేకపోయినా, చిన్న విమానాల అవసరం లేదని అనలేము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దారులన్నీ తెగిపోయి, ఆకాశమార్గాన ఆహారం జారవిడవవలసి వచ్చినది. అటువంటి వేళ చదునైన ప్రతి నేలా ప్రాణదానం చేయగల స్థలమే. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం ప్రారంభమైనప్పుడు తొలి విమానాలలో కడప, హైదరాబాదుల మధ్య నడిచినది కూడా ఉన్నది. 2018 జూన్ 14న జగదల్‌పూర్ నుండి రాయపూర్‌కు చిన్న విమానం ఎగిరినది. 2020 సెప్టెంబరులో హైదరాబాదుకు కూడా సర్వీసు మొదలైనది. 2024 నవంబరు 9న విజయవాడలో కృష్ణా నీటి మీద నుండి లేచి శ్రీశైలం వద్ద నీటిపై దిగిన ప్రదర్శన విమానం ట్విన్ ఆటర్ రకానిదే. బార్రా ఇసుకపై చక్రాలతో దిగే విమానమే, చక్రాల స్థానంలో పడవ వంటి అమరికలతో కృష్ణమ్మపై దిగినది.

ఈ సౌకర్యాలు మారుమూల ప్రాంతాలకు విస్తరించే కొద్దీ, పెద్ద విమానాశ్రయాలలో కనిపించని ఒక బాధ్యత ప్రజల మీద కూడా పడుతుంది. చిన్న రన్‌వే మీదకు పశువులను తోలకపోవటం, హెలిపాడ్ చుట్టూ గుమిగూడకపోవటం, రోగితో పాటు ఇంకొకరిని ఎక్కించుకొమ్మని వైమానికుని ఒత్తిడి చేయకపోవటం, ఇవన్నీ ఆ బాధ్యతలోనివే. లేదని చెప్పిన వైమానికుడు కఠినాత్ముడు కాడు. అతడు లెక్క చేసి చెబుతున్నాడు.

మన పనిలో సగం గుర్తు

గనిలో డంపర్ నడిపే సోదరునికి, కన్వేయర్ దగ్గర పనిచేసే కార్మికునికి, రాత్రి షిఫ్టు ముగించుకొని ద్విచక్ర వాహనంపై ఇంటికి బయలుదేరే ఉద్యోగికి, ఇసుకతీరపు వైమానికుడు అన్యుడు కాడు. బ్రేకు కాస్త మెత్తబడినది, టైరు కాస్త అరిగినది, వాన కాస్త పడినది, నిద్ర కాస్త తక్కువైనది. ఇక్కడ కూడా అంశాలు గుణించబడతాయే గాని కూడబడవు. అనుమతి పత్రం పూర్తి కాలేదని పని ఆపిన ఫోర్‌మన్, లోడు ఎక్కువైనదని బండి కదపని డ్రైవరు మనకు ఆ క్షణంలో ఉత్పత్తికి అడ్డుగా కనిపిస్తారు. నిజానికి వారు సగం గుర్తు దగ్గర ఇంజను తగ్గించిన వైమానికులు.

ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలన్నారు. నిదానమే ప్రధానం అని కూడా వారే అన్నారు. ఈ రెండు సామెతలకూ వైరం లేదు. ఏ సామెత ఎప్పుడు వర్తిస్తుందో ముందుగానే నిర్ణయించుకోవటంలో వివేకం ఉన్నది. పరుగు మొదలుపెట్టక ముందు నిదానించాలి. సగం గుర్తు దగ్గర వేగం చాలలేదని తెలిసినప్పుడు ఆగటానికి మాత్రం క్షణం ఆలస్యం చేయరాదు.

ఇంటి దగ్గర కూడా దీనికి ఒక పాత్ర ఉన్నది. పని ఆపి వచ్చిన రోజున, వాహనం బాగులేదని ఆలస్యంగా ఇల్లు చేరిన రోజున, ఎందుకు ఆలస్యమైనదని నిష్ఠూరమాడక, ఆగి మంచిపని చేశావని చెప్పగలిగే కుటుంబం ఆ మనిషికి మరునాడు కూడా ఆగే ధైర్యాన్ని ఇస్తుంది. ఆగిన విమానం రేపటి ఆటుకు మళ్లీ పరుగెత్తగలదు. తీరం అక్కడే ఉంటుంది, సముద్రం వేళ తప్పకుండా వెనక్కు తగ్గుతుంది.